గుర్రం తల దొరికిందా?

మార్గశిర అమావాస్య రాత్రి టెలిస్కోపు కార్లో వేసుకుని గండికోట దాటి ఒక పల్లె పక్కన బీడులో దిగాను. గుర్రం తల నెబ్యులా ఫొటో తీయాలని మూడేళ్లుగా నా కోరిక. గొల్లకావిడిలో, అంటే ఒరాయన్ నడుము దగ్గరి మూడు చుక్కల్లో, తూర్పు కొసన ఉన్న చుక్క పక్కనే ఉంటుందది. ఎర్రగా వెలిగే హైడ్రోజన్ ముందు నల్లటి ధూళి మేఘం, అచ్చం చదరంగంలో గుర్రంలా. కంటికి మాత్రం ఆనదు. హైదరాబాద్ వెలుతురులో ఎన్నిసార్లు తీసినా పలచటి చారు రంగు తప్ప ఏమీ రాలేదు.

చీకటికి అలవాటుపడిన కళ్లు చెదరకూడదని తలకు ఎర్ర లైటు కట్టుకున్నాను. టెలిస్కోపును చుక్కల వెంట తిప్పే మౌంట్‌ను ధ్రువనక్షత్రానికి గురిపెట్టాలి కదా, అక్కడది 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అందుకని మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకు ఆనించినంత పని చేసి, పావుగంట చూశాను.

ఇంకో సంగతి. దసరా ఆయుధపూజకి అమ్మ ట్రైపాడ్‌కి పెట్టిన పసుపు, కుంకుమ ఇంకా చెరగలేదు. దిష్టి తగలకూడదని బయల్దేరేముందు ఒక కాలికి నిమ్మకాయ, మిరపకాయలు కూడా కట్టింది.

అమావాస్య, ఎర్ర లైటు, కుంకుమ, నిమ్మకాయ, సాష్టాంగం. పైగా గుప్తనిధుల తవ్వకాల మాట కొత్త కాని సీమ. పల్లెవాళ్లు నా గురించి ఏమనుకోవాలి?

మూడు నిమిషాల ఎక్స్‌పోజర్లలో తొమ్మిదోది నడుస్తుండగా ఆరు టార్చిలు ఒక్కసారిగా నా మొహం మీద పడ్డాయి.

"ఎవుర్రా నువ్వు? ఈడేం జేచ్చాండావు?"

"గుర్రం తల కోసం వచ్చానన్నా" అన్నాను. నోరు జారాక గానీ అర్థం కాలేదు.

"ఇత్తడిదా, బంగారుదా?" అన్నాడొక కుర్రాడు, కర్ర చేయి మార్చుకుంటూ.

ల్యాప్‌టాప్ చూపించాను. మసక మసక ఎరుపు తప్ప ఏమీ లేదు. టెన్షన్లో చరిత్ర మొదలుపెట్టాను. 1888లో విలియమినా ఫ్లెమింగ్ అనే ఆవిడ హార్వర్డ్‌లో ఫొటో పలక మీద దీన్ని కనిపెట్టిందని, ఇక్కడికి దాదాపు 1,400 కాంతి సంవత్సరాల దూరమని.

"అప్పట్నుంచీ ఎతుకుతానే ఉండారా?" అన్నాడొక పెద్దాయన జాలిగా. "దొరికితే ఎంతొచ్చాది?"

"ఏమీ రాదు తాతా. ఖర్చే."

"దీనికెంత పెట్టినావు?"

సగం ధరే చెప్పాను. ఇంట్లో అలవాటు. ఆ సగానికే పెద్దాయన గడ్డం పట్టుకున్నాడు. "దొంగ కాదులే రా, పాపం" అని తీర్పిచ్చేశాడు. గొల్లకావిడి చూపించబోతే, అది ఏ నెలలో ఏ జాముకి నడినెత్తికొస్తుందో ఆయనే నాకు చెప్పాడు.

అందరూ వెళ్లిపోయారు. పెద్దాయన మాత్రం దుప్పటి కప్పుకుని నా పక్కనే కూర్చున్నాడు. "ఇంకెవురన్నా వొచ్చి నిన్ను కొడతారేమోనప్పా, నేనుంటాలే."

ఆయన మంచితనానికి చేతులెత్తి దండం పెట్టాలి. కాకపోతే పది నిమిషాలకోసారి లేచి, టార్చి వెలిగించి, గొట్టంలోకి తొంగిచూసి, "గుర్రం వొచ్చిండాదా?" అని అడుగుతూనే ఉన్నాడు, తెల్లారేదాకా.

ఇంటికొచ్చి ఫ్రేములన్నీ కలిపి చూస్తే గుర్రం చెవి ఒక్కటే కనిపించింది. మిగతాదంతా తాత టార్చి.