ఆగిపోవడమూ ప్రమాదమే

ప్లాంటులోని పరికరాలను నెట్‌వర్క్‌కు కలిపే పారిశ్రామిక స్విచ్‌లోనో, యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్ లాంటి పీఎల్‌సీలోనో సాఫ్ట్‌వేర్ లోపం బయటపడిందని తయారీ సంస్థ ప్రకటన వస్తే చదివేవాళ్లు ముందు వెతికేది ఒక్కటే: డేటా పోతుందా? పోదనీ, మహా అయితే పరికరం స్తంభించిపోతుందనీ తెలిశాక ‘ఓస్, ఇంతేనా’ అనుకుంటారు. మరమ్మతు వాయిదా పడుతుంది. ఈ ధీమా ఎక్కడి నుంచి వస్తోందో మాకు అంతుబట్టడం లేదు. ఆఫీసు కంప్యూటర్ ఐదు నిమిషాలు మొరాయిస్తే పని ఐదు నిమిషాలు ఆలస్యమవుతుంది. బాయిలర్ పీడనం చూపించే తెర ఐదు నిమిషాలు కదలకపోతే, ఆపరేటర్ కళ్లకు గంతలు కట్టినట్టే.

అమెరికాలోని బ్రౌన్స్ ఫెర్రీ అణువిద్యుత్ కేంద్రంలో 2006 ఆగస్టులో ఏ హ్యాకరూ చొరబడలేదు. ప్లాంటు అంతర్గత నెట్‌వర్క్‌లో డేటా ట్రాఫిక్ శ్రుతిమించింది. ఆ తాకిడికి పంపుల వేగాన్ని నియంత్రించే కంట్రోలర్లు చేతులెత్తేశాయి. పంపులు ఆగాయి, సిబ్బంది మూడో యూనిట్ రియాక్టర్‌ను స్వయంగా ఆపేయాల్సి వచ్చింది. ఎవరూ తలపెట్టకుండానే ఇంత జరిగితే, తలపెట్టినవాడికి ఎంత పని?

ఎంతో కాదు, 18 బైట్ల డేటా ప్యాకెట్ ఒక్కటి పంపితే చాలు. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేదాంట్లో ఎనిమిదో వంతు. 2016 డిసెంబరులో ఉక్రెయిన్ విద్యుత్ వ్యవస్థపై ప్రయోగించిన మాల్‌వేర్‌లో (హానికర సాఫ్ట్‌వేర్‌లో) అలాంటి ప్యాకెట్ పంపే పనిముట్టు ఉంది. లైన్లనూ ట్రాన్స్‌ఫార్మర్లనూ కాపాడే సీమెన్స్ రిలేలను మూగబోయేలా చేయడం దాని పని. మూగబోయిన రిలే మళ్లీ పలకాలంటే మనిషి వెళ్లి రీస్టార్ట్ చేయాలి. రిలేలలోని ఆ లోపానికి దిద్దుబాటు 2015లోనే వచ్చేసింది!

2019 మార్చిలో అమెరికాలోని ఒక విద్యుత్ సంస్థకు మరో తరహా చిక్కు ఎదురైంది. ఈసారి కుప్పకూలింది కాపలాదారే. ఇంటర్నెట్ అంచున పెట్టిన ఫైర్‌వాల్‌లు పదేపదే రీస్టార్ట్ అవుతూ, కంట్రోల్ కేంద్రానికీ ఉత్పత్తి కేంద్రాలకూ మధ్య సంబంధం విడతలవారీగా తెగింది. ప్రతిసారీ ఐదు నిమిషాల లోపే. కరెంటు పోలేదు. అక్కడా లోపం తెలిసిందే, అక్కడా దిద్దుబాటు (ప్యాచ్) ఉంది.

ఇలాంటి లోపాలు వరుసలో వెనక్కి పోవడానికి మార్కుల పద్ధతీ ఒక కారణం. లోపాల తీవ్రతను పదికి లెక్కగట్టే సీవీఎస్ఎస్ మూడో వెర్షన్‌లో, సమాచారాన్ని బయటపెట్టకుండా, మార్చకుండా, పరికరాన్ని మాత్రమే పడగొట్టే లోపం సాధారణంగా 7.5 దగ్గర ఆగిపోతుంది. తొమ్మిది దాటినవాటిని ముందు సరిచేసే ఐటీ విభాగం దాని దాకా వచ్చేసరికి నెలలు గడుస్తాయి. ఆఫీసుకు ఆ లెక్క సరిపోవచ్చు. యంత్రం తిరుగుతూ ఉండటమే ప్రాణంగా బతికే చోట ఆ పట్టికను తిరగరాసుకోవాల్సిందే. ఇంతకీ ఆ పని ఎవరిది? స్విచ్ ఉన్నది ప్లాంటులో కాబట్టి ఐటీ వాళ్లు పట్టించుకోరు. అది నెట్‌వర్క్ సామాను కాబట్టి ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లు ముట్టుకోరు.

నడుస్తున్న ప్లాంటును ప్యాచ్ కోసం రేపే ఆపమని ఎవరూ అనరు, మేమూ అనం. కానీ వార్షిక షట్‌డౌన్‌లో బేరింగ్‌ల మార్పిడికి దొరికే తీరిక పరికరం లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌కు ఎందుకు దొరకదు? ముందుగా స్పేర్ పరికరంపై పరీక్షించుకుంటే ఒక పూట చాలు. ఈలోగా చేయగలిగినవి బోలెడున్నాయి. కంట్రోలర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించకూడదు. పరికరంలో వాడని వెబ్ పేజీని, దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి టెల్‌నెట్‌ను ఆపేయాలి. కంట్రోలర్లు మాట్లాడుకునే భాష మోడ్‌బస్ వాడే 502 పోర్టుకు అవసరమైన రెండు మూడు కంప్యూటర్లకే దారి ఇవ్వాలి. ట్రాఫిక్ వరదను అడ్డుకునే సదుపాయం చాలా పారిశ్రామిక స్విచ్‌లలో ఉంటుంది, ఆన్ చేసేవాళ్లే తక్కువ.

కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: లోపల ఎవరి సాఫ్ట్‌వేర్ ఉంది? 2020లో బయటపడిన ‘రిపుల్20’ పేరిట ఉన్న 19 లోపాలు ఒకే టీసీపీ/ఐపీ స్టాక్‌లోవి, అంటే పరికరాన్ని నెట్‌వర్క్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్ భాగంలోవి. ఆ స్టాక్ ఎన్నో కంపెనీల పరికరాల్లో దాగి ఉంది. కొన్నవాడికి ఆ సంగతి తెలిసే వీలే లేదు. తయారీ సంస్థలు సాఫ్ట్‌వేర్ భాగాల జాబితా ఇవ్వాలి. లోపం ప్రకటించేటప్పుడు ‘రీస్టార్ట్ చేయండి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, దెబ్బతిన్న పరికరం తనంతట తానే కోలుకుంటుందా, లేక ఎవరైనా వెళ్లి కరెంటు తీసి మళ్లీ ఇవ్వాలా అన్నదీ రాయాలి. కాపలా మనిషి కూడా ఉండని సబ్‌స్టేషన్‌కు ఆ రెండింటి మధ్య తేడా కొన్ని గంటల ప్రయాణం.