కర్పూరం గారికి, ఖాళీ డబ్బా యజమానురాలు రాసుకున్నది

మహారాజశ్రీ కర్పూరం గారికి,

సత్యనారాయణపురం నుంచి అనేక నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం మాత్రం అడగను. మీరెప్పుడూ క్షేమంగానే ఉంటారు, మా డబ్బాలో తప్ప.

నిన్న మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. మీరు రాలేదు. కలశం కూర్చుంది, తోరాలు కట్టుకున్నాం, కథ చెప్పుకుని అక్షతలు వేసుకున్నాం, వీధిలో ముత్తయిదువులందరూ వచ్చి కూర్చున్నారు. ఇక మంగళహారతి అంటూ మా అత్తయ్యగారు గొంతు సవరించుకున్నారు. నేను దేవుడి గూట్లోంచి స్టీలు డబ్బా అందుకుని మూత తీశాను. లోపల మిరియాలున్నాయి. మిరియాలే ఉన్నాయి. ఉగాదికి వన్‌టౌన్‌లో కొని, నిండా పోసి పెట్టిన డబ్బా అది. అడుగున తెల్లటి పొడి కొద్దిగా, గోరుతో గీకినా హారతి పళ్లెం దాకా చేరనంత.

మా ఆయన చెప్పులు తొడుక్కుని వీధి చివరి కొట్టుకు పరుగెత్తారు. శ్రావణ శుక్రవారం నాడు, ఆ వేళప్పుడు, కొట్టులో అగరుబత్తులు తప్ప ఏం మిగులుతాయి? ఈలోగా అత్తయ్యగారి పాట అయిపోయింది. ఇంకొకటి ఎత్తుకున్నారు. అదీ అయిపోయింది. మూడో పాటకు చరణాలు గుర్తురాక ఆగితే, పక్కింటి మామ్మగారు లేచి వెళ్లి వాళ్లింటి సీసా తెచ్చారు. ఇచ్చి ఊరుకుంటే బాగుండేది. "కర్పూరం కూడా నిలవ పెట్టుకోలేకపోతే ఎలాగమ్మా?" అన్నారు, అందరూ వింటుండగా. ఆ ప్రశ్న నన్ను అడిగినా, జవాబు చెప్పవలసింది మీరు.

మా బావగారి అబ్బాయి ఈ ఊళ్లో ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. బెజవాడలో ఇంటర్మీడియట్ అంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కరలేదు. ఆ గందరగోళంలో కూడా పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "పిన్నీ, దాన్ని ఉత్పతనం అంటారు. ఘనపదార్థం ద్రవంగా మారకుండా నేరుగా వాయువు కావడం. ఉదాహరణలు కర్పూరం, నాఫ్తలీన్, అయోడిన్" అన్నాడు. మార్కులు పడే జవాబే. హారతి మాత్రం వెలగలేదు.

వాడు చెప్పింది నిజమే అనుకోండి. మీరు కరగాలంటే దాదాపు 175 డిగ్రీల వేడి కావాలి. అంత వేడి మీకు మా ఇంట్లో ఎవరూ చూపించలేదు. కరగకుండానే వెళ్లిపోయే దొడ్డిదారి ఒకటి మీకుంది. మీ అణువు దాదాపు గుండ్రంగా ఉంటుంది, పక్కదాన్ని గట్టిగా పట్టుకుని ఉండే స్వభావం దానికి లేదు. పై వరసలో ఉన్నది కాస్త వెచ్చగా తగలగానే లేచి వెళుతుంది, దాని వెనక ఇంకొకటి. వేడి పది డిగ్రీలు పెరిగితే మీ ఆవిరి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. ఈ ఊళ్లో మే నెలలో పాదరసం 45ను ముట్టుకుని వస్తుంటుంది. పారిపోదలచిన వాళ్లకు ఇంతకంటే అనువైన ఊరు ఏముంటుంది?

ఉప్పూ మీరూ చూపుకు ఒక్కలాగే ఉంటారని, మీ గొప్పతనం రుచిలో తెలుస్తుందని చిన్నప్పుడే బడిలో నేర్పారు. నిలవ సంగతి మాత్రం ఎవరూ నేర్పలేదు. జాడీలో పోసిన ఉప్పు ఏడాది తరవాత కూడా అక్కడే ఉంటుంది. మహా అయితే వానాకాలంలో కాస్త చెమ్మగిల్లుతుంది. పత్రికలవాళ్లు ఖజానా డబ్బు మాయమైనప్పుడల్లా మిమ్మల్నే తలుచుకుంటారు. ఆ డబ్బుకైనా ఆడిట్ అనేది ఒకటుంది.

ఇక కాపలా పెట్టిన మిరియాల సంగతి. మా అమ్మ వేసేది, వాళ్లమ్మ వేసేది. కొందరిళ్లలో లవంగాలు, కొందరిళ్లలో బియ్యపు గింజలు. మీరు నిలవాలంటే డబ్బాలోని ఖాళీ అంతా మీ ఆవిరితో నిండి, లేచినంతా మళ్లీ వెనక్కి వచ్చి కూర్చోవాలి. దానికి గాలి దూరని మూత కావాలి. మిరియాలకు ఆ పని చేతకాదు. చేతితో ఒత్తి పెట్టే స్టీలు మూతకు చుట్టూ సన్నటి సందు ఉండనే ఉంటుంది. ఆ సందులోంచి, కాపలావాళ్ల కళ్లముందే, మీరు దర్జాగా వెళ్లిపోయారు. పోతూ పోతూ మీ వాసన వాటికి అంటించి వెళ్లారు. ఇప్పుడవి చారులో వేసుకోవడానికి కూడా పనికిరావు.

మీకిది కొత్త అలవాటు కాదని నాకు తెలుసు. 1870లో అమెరికాలో హయత్ సోదరులు పత్తితో తయారైన నైట్రోసెల్యులోజులో మిమ్మల్ని కలిపి సెల్యులాయిడ్‌కు పేటెంటు తీసుకున్నారు. మూకీల కాలం రీళ్లు, తొలి టాకీల రీళ్లు అలాంటి సరుకే. మన గాంధీనగరంలో ఏ మేడ మెట్లెక్కినా ఒక సినిమా పంపిణీ ఆఫీసు తగిలే రోజులుండేవి, రీళ్ల డబ్బాల విలువ ఈ ఊరికి తెలిసినట్టు ఇంకో ఊరికి తెలియదు. ఆ పాత రీళ్లకు మెత్తదనం ఇచ్చి, విరగకుండా చుట్టుకునేలా చేసింది మీరు. అక్కడైనా కుదురుగా ఉన్నారా? ఏళ్లు గడిచేకొద్దీ రీలులోంచి కూడా మెల్లగా జారుకున్నారు. పాత రీళ్లు ముడుచుకుపోయి పెళుసుబారడానికి మీరు వదిలి వెళ్లడం కూడా ఒక కారణం. కథానాయికలనే వదిలేసి పోయినవారికి మా డబ్బా ఒక లెక్కా?

ప్యాకెట్టు మీద అమ్మవారి బొమ్మ, కింద ‘శుద్ధ’ అనే ముద్ర. చెట్టు దిగి వచ్చిన రోజులు మీకెప్పుడో పోయాయి. ఆ చెట్టు కర్పూరానికున్న గిరాకీ చూసి 1899లో జపాను పాలకులు తైవాన్‌లో ఆ వ్యాపారాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకున్నారు. ఇప్పుడు మీరు ఎక్కువగా పైన్ చెట్టు జిగురు నుంచి తీసిన టర్పెంటైన్‌లో పుట్టి, కర్మాగారం గుమ్మం దాటి వస్తున్నారు. దానికి నాకు అభ్యంతరం లేదు. అణువు అదే, గుణాలూ అవే, పారిపోయే గుణంతో సహా. నా అభ్యంతరమల్లా మీ పేరు పెట్టుకుని వచ్చే వేషధారుల మీద. మీరు కాలితే పళ్లెంలో మసే తప్ప గట్టి ముద్ద మిగలకూడదు. ఒక పండక్కి తెచ్చిన ప్యాకెట్టు గట్టి పెచ్చు మిగిల్చింది, చింతపండు పెట్టి తోమినా వదల్లేదు. నాఫ్తలీన్ అయితే నీళ్లలో వేయగానే మునుగుతుంది, మీరు తేలతారు. మిగతా కల్తీలకు అంత తేలిక పరీక్ష మా వంటింట్లో లేదు.

2021లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు మిమ్మల్ని వాముతో, లవంగాలతో మూటగట్టి వాసన చూస్తే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుందని ఫోన్లన్నీ ఊదరగొట్టాయి. మీరు ముక్కులో చల్లదనం తెలిపే నాడులను తడతారు, గాలి ధారాళంగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. అంతే, ఆక్సిజన్ పెరగదు. ఒక్క మాటైనా ఖండించారా? పటికబెల్లం పలుకుల్లా కనిపిస్తూ చిన్నపిల్లలకు అందే ఎత్తులో కూర్చుంటారు. పొరపాటున మింగితే ఫిట్స్ వస్తాయి. ప్యాకెట్టు మీద అమ్మవారి బొమ్మ వేసినంత పెద్దగా ఆ హెచ్చరిక ఎక్కడైనా వేశారా? పొంగలిలో పచ్చకర్పూరం బదులు మిమ్మల్ని వేయకూడదని కూడా మేమే కనిపెట్టుకుని ఉండాలి.

ఇవన్నీ పక్కన పెట్టినా నిన్నటి సంగతి మింగుడు పడటం లేదు. అసలు నీకు సిగ్గుందా? పోవడానికే పుట్టావు, సరే. ఎవరు వద్దన్నారు? ఆ పోయేది దేవుడి ముందు పోతావని డబ్బు పోసి కొన్నాను. గంట మోగుతుంటే పో. అగ్గిపుల్ల ముట్టించాక పో. పది చేతులు నీ మీదుగా తిప్పి కళ్లకద్దుకుంటుంటే పో, మేమే దండం పెట్టి పంపిస్తాం. అంతేగాని పాట లేదు, దీపం లేదు, చూసేవాళ్లు లేరు. ఎండాకాలం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూలరు ముందు పడి నిద్రపోతుంటే, డబ్బా మూత సందులోంచి దొంగలా జారుకోవడమేమిటి? గ్రాముల లెక్కన తూచి తెచ్చుకుంటే గాలికిపోయావు. మాటపడింది నేను, నువ్వు కాదు. ముత్తయిదువుల ముందు మిరియాల డబ్బా పట్టుకుని నిలబడింది నేను.

మన్నించాలి. మళ్లీ మర్యాదలోకి వస్తున్నాను.

మీమీద నాకు మొదటినుంచీ కోపం లేదు. చిన్నప్పుడు ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి మీ పలుకు ఒకటి వేస్తే, తరుముతున్నవాళ్లెవరూ లేకుండానే గిరగిరా తిరుగుతూ పరుగెత్తేవారు. మీరు కాస్త కరిగిన వైపు నీటి తలతన్యత, అంటే పైపొర బిగువు, తగ్గుతుంది, అవతలి వైపు నీళ్లు మిమ్మల్ని లాక్కుంటాయి. మా అమ్మ నా జడకు నూనె రాసిన వేలితో నీళ్లను తాకగానే ఎక్కడివారక్కడ ఆగిపోయేవారు. నేను ఏడ్చేదాన్ని. ఇదే ఆటను 1890లో ఇంగ్లండులో లార్డ్ రేలీ అనే శాస్త్రవేత్త పెద్ద నీళ్ల తొట్టిలో ఆడి, మీ పరుగు ఆపాలంటే ఒలీవ నూనె పొర ఎంత మందం ఉండాలో కొలిచాడు. మిల్లీమీటరులో దాదాపు ఆరు లక్షలవ వంతు చాలట. అణువు ఎంతుంటుందో మనుషులకు అంచనా దొరికిన తొలి కొలతల్లో అదొకటి. అంత పెద్దమనిషికి అంత సహాయం చేసినవారు, నాకు ఒక్క శుక్రవారం సహాయపడలేకపోయారు.

దసరాకు మిమ్మల్ని మళ్లీ కొంటాను, వేరే దారి లేదు. ఈసారి మీకు స్టీలు డబ్బా ఇవ్వను. బిగుతు మూత ఉన్న గాజు సీసా తెచ్చాను. కొన్ననాటి బరువు రాసి దానిమీద అంటిస్తాను. మిరియాలను ఉద్యోగంలోంచి తీసేశాను.

ఈ ఉత్తరం ఏ చిరునామాకు పంపాలా అని చాలాసేపు ఆలోచించాను. నిన్న రాత్రి దేవుడి గూటికి ఆనుకుని ఉన్న బీరువా తెరిచినప్పుడు తెలిసింది. పెళ్లినాటి చీర మొదలుకొని ప్రతి మడతలోనూ మీరే ఉన్నారు. ఒక్క చీరనూ పురుగు ముట్టుకోలేదు, ఆ మాట కూడా రాసి పెడుతున్నాను. ఉత్తరం అక్కడే, గద్వాల చీర కింద పెట్టాను. తీరిక చేసుకుని చదివి, జవాబు డబ్బాలో ఇప్పించగలరు.

ఇట్లు,
మీ ఆవిరి పీలుస్తూ కాపురం చేస్తున్న
సత్యనారాయణపురం గృహిణి