మహారాజశ్రీ నామినేషన్ ఫారం గారికి

అయ్యా ఫారం గారూ,

మా విభాగంలో ఒక ప్రొఫెసర్ మేడమ్ ఉన్నారు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఒకే ప్రశ్న వెంటపడి, మొత్తానికి దాని అంతు తేల్చారు. ఆవిడకో పురస్కారం రావాలని మా అందరి కోరిక. పని ఆవిడ ఎప్పుడో చేసేశారు కనుక ఇక మిగిలింది సన్మానమే అనుకున్నాం. మధ్యలో తమరున్నారని తెలియక.

'సాధనల సారాంశం 1500 అక్షరాలకు మించరాదు, ఖాళీలతో కలిపి' అన్నారు. ఖాళీల్ని కూడా సాధనల్లో జమకట్టే ఉదారత తమరికే చెల్లింది. మా సారాంశం కాస్త పొడుగైతే ఒక ఫలితాన్ని తీసేశాం. 'అంతర్జాతీయ స్థాయిలో విశేష గుర్తింపు' అన్న ముక్కను మాత్రం ముట్టుకోలేదు. అది లేకపోతే తమరికి ముద్ద దిగదని అనుభవజ్ఞులు చెప్పారు.

తర్వాతి గడి హెచ్-ఇండెక్స్. పరిశోధకుల ప్రభావాన్ని కొలవడానికి 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క ఇది. కనీసం 30 సార్లు చొప్పున ఇతరులు ఉదహరించిన పరిశోధన పత్రాలు 30 ఉంటే ఇండెక్స్ 30. మేడమ్ పత్రం ఒకటి ఆ రంగంలో అందరికీ ఆధారం. దాన్ని వెయ్యిమంది ఉదహరించినా ఈ లెక్కలో అది ఒక్కటే, ముప్పయ్యిమంది ఉదహరించినా ఒక్కటే. హిగ్స్ బోసాన్ అనే కణం ఉండాలని ముందే ఊహించిన పీటర్ హిగ్స్ గారు తమరి చేతికి చిక్కి ఉంటే ఏమయ్యేదో! 1964 నాటి ఆ పని తర్వాత ఆయన రాసిన పత్రాలు పదిలోపే. ఇటీవల ఏం ప్రచురించారని విభాగం వాళ్లు అడిగితే, ఒక్కోసారి 'ఏమీ లేవు' అని రాసి పంపేవారట. 2013లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఇక సిఫార్సు లేఖలు. అవి రహస్యంగా ఉండాలని, సిఫార్సు చేసేవారు స్వతంత్రంగా రాయాలని తమరి నియమం. ఆచరణలో జరిగేది తమరికి తెలియనిదా? ఏ పెద్దాయనను అడిగినా 'తప్పకుండా, ఒక డ్రాఫ్ట్ పంపండి, సంతకం పెడతాను' అంటారు. ఆ డ్రాఫ్ట్ చాలాసార్లు అభ్యర్థి మెడకే చుట్టుకుంటుంది. తన గురించి తానే 'నేనెరిగిన మేధావుల్లో అగ్రగణ్యులు' అని మూడు వేర్వేరు గొంతుల్లో రాసుకోవాలి. ఒకటి ఆప్యాయంగా, ఒకటి గంభీరంగా, ఒకటి కాస్త అసూయగా ఉంటే నమ్మశక్యంగా ఉంటుంది. నేనొకసారి ఓ పాత ఫైలు తిరగేశాను. మూడు దేశాల నుంచి వచ్చిన మూడు లేఖల్లోనూ 'విశిష్ఠ' అన్న మాటకు ఒకే చోట ఒకే అచ్చుతప్పు! స్వతంత్ర అభిప్రాయాలు అంతగా కలవడం అరుదు.

మా మేడమ్ మాత్రం డ్రాఫ్టులు రాయనన్నారు. అందుకని ఆ ముగ్గురి గొంతులూ నేనే అరువు తెచ్చుకున్నాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. డోనా స్ట్రిక్‌ల్యాండ్ గారికి 2018లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చేనాటికి ఆవిడ ఇంకా అసోసియేట్ ప్రొఫెసరే. ప్రమోషన్‌కు తానెప్పుడూ దరఖాస్తు పెట్టుకోలేదని ఆవిడే చెప్పారు. తమరి సోదర ఫారం ఒకటి నింపకపోవడమే అడ్డొచ్చిందన్నమాట. నోబెల్‌కైతే ఎవరి పేరు వాళ్లు పంపుకోవడానికి వీల్లేదు, కాబట్టి గట్టెక్కారు.

అన్నీ నింపి అప్‌లోడ్ నొక్కితే 'ఫైల్ సైజు 2 ఎంబీ మించింది' అని కసిరారు. జీవితకాలపు కృషిని కుదించే బాధ్యత చివరికి ఓ ఉచిత వెబ్‌సైట్ మీద పడింది. మేడమ్ గీసిన పటాల్లో గీతలు మాయమయ్యాయి గానీ డైరెక్టర్ గారి సంతకం, ముద్ర మాత్రం దివ్యంగా కనబడుతున్నాయి.

ఇంకొక్క గడి మిగిలింది. 'ఈ పురస్కారానికి అభ్యర్థి ఎందుకు అర్హులు? కనీసం 500 అక్షరాల్లో వివరించండి.' వెళ్లి మేడమ్‌నే అడిగాను. కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా "ఏమో బాబూ, నాకు తెలీదని రాసెయ్. పనిలో ఉన్నాను" అన్నారు. ఖాళీలతో కలిపి లెక్కేసినా అది ఐదొందలకు ఆమడ దూరంలో ఉంది. గడువు రేపటితో సరి. కనికరించగలరు.

ఇట్లు,
తమరి గడుల మధ్య ఇరుక్కున్న
ఓ సహోద్యోగి