చెర సాగిన చోట పట్టుపరుపులు

స్పెయిన్‌లోని లెయోన్ నగరంలో, బెర్నెస్గా నది ఒడ్డున, వంద మీటర్ల పొడవైన శిల్పాల ముఖభాగంతో నిలిచిన శాన్ మార్కోస్ మఠం నేడు ప్రభుత్వ సంస్థ నడిపే ఐదు నక్షత్రాల హోటల్. (దీన్ని స్పానిష్‌లో కాన్వెంటు అంటారు; ఆ మాట అనగానే మనకు ఇంగ్లీషు బడి తలపుకొస్తుంది గానీ, ఇది శాంతియాగో అనే క్రైస్తవ యోధసంఘం వారి మఠం.) పాత కట్టడానికి కొత్త బతుకు దొరికిందని పర్యాటక రచయితలు మెచ్చుకునే ఉదాహరణల్లో ఇదొకటి. ఆ మెప్పులో సగమే నిజముంది.

పన్నెండో శతాబ్దంలో రాకుమారి సాంచా దానంతో పేదలకూ యాత్రికులకూ ఆశ్రయంగా మొదలైన ఈ చోట, 1514లో ఫెర్నాందో రాజు ఇచ్చిన నిధులతో ఇప్పటి భవనానికి బీజం పడింది. పందొమ్మిదో శతాబ్దంలో మఠాల ఆస్తులు ప్రభుత్వపరమయ్యాక ఇది బడి అయింది, పశువైద్య విద్యాలయం అయింది, సైన్యపు గుర్రాలకు శాల కూడా అయింది. ఉచితంగా పడక దొరికిన ఆ పాత గుమ్మం ఎదుట ఇప్పుడు ఒక కంచు యాత్రికుడు చెప్పులు విడిచి, అలసి, బయటే కూర్చుని ఉంటాడు.

కవి కెవెదోను 1639 నుంచి 1643 దాకా ఇక్కడ నిర్బంధించిన సంగతిని ఊరివారు మురిపెంగానే చెబుతారు. అంత పాత చెర ఎవరినీ నొప్పించదు. నొప్పించేది 1936 జులై తర్వాతిది. ఆ నెల మొదలైన అంతర్యుద్ధంలో సేనాని ఫ్రాంకో పక్షపు తిరుగుబాటుదారులు నగరాన్ని చేజిక్కించుకున్నాక ఈ మఠం నిర్బంధ శిబిరమైంది. వారు ఎదిరించిన రిపబ్లిక్ ప్రభుత్వపు పక్షం వహించినవారు వేల సంఖ్యలో ఇక్కడ ఆకలితో, చలితో కిక్కిరిసి బతికారు, ఎందరినో ఇక్కడి నుంచి తీసుకెళ్లి కాల్చి చంపారు. ఆ తర్వాత పాతికేళ్లకే, 1960ల నడుమ, అదే భవనాన్ని విలాస హోటలుగా తెరిచింది కూడా ఫ్రాంకో ప్రభుత్వమే. చెర నడిపిన చేతులే పరుపులు పరిచాయి. బతికి బయటపడ్డవారికి నోరు విప్పే వీలు లేని కాలమది. నియంత ఫ్రాంకో 1975 దాకా ఉన్నాడు. కనుక ఇక్కడ జరిగిన మార్పును కేవలం వాస్తుకళకు సంబంధించిన విషయంగా చూడలేం. అది సాక్ష్యం మీద వేసిన తివాచీ.

హోటలే లేకుంటే గోడలు ఈపాటికి కూలేవని కొందరంటారు, ఆ మాటలో బలముంది. 1845లోనే దీన్ని రక్షిత కట్టడంగా ప్రకటించినా, ఆ ప్రకటన దీన్ని శిబిరం కాకుండా ఆపలేకపోయింది; రోజూ వాడకంలో ఉంచి, మరమ్మతులకు డబ్బు తెచ్చే యజమాని కావాలి. ఒప్పుకుంటాను. అయితే గదుల అద్దెకూ నిజం చెప్పడానికీ పోటీ ఎక్కడుంది?

అసలు పేచీ 'పూర్వవైభవం' అనే మాటతోనే. ఏ దేశంలోనైనా పునరుద్ధరణ పేరెత్తగానే రాజుల కాలాన్నే అసలు రూపంగా ఎంచి, మిగతా శతాబ్దాలను మురికిగా కడిగేస్తారు. రాయి చెక్కిన శిల్పికి ఉన్నంత హక్కు ఆ రాతికి ఆనుకుని వణికిన ఖైదీకీ ఉంది. అంతర్యుద్ధం, నియంతృత్వాల బాధితుల స్మృతి పరిరక్షణకు 2007లో ఒకటి, 2022లో మరొకటి చట్టాలు చేసిన ప్రభుత్వమే ఈ హోటలుకు యజమాని కూడా. కాబట్టి ముఖభాగపు శిల్పాల గురించి అతిథికి ఎంత వివరంగా చెబుతారో, ఏ గది ఏ ఏడు ఎవరిని బంధించిందో కూడా అంతే వివరంగా, భోజనశాలకు వెళ్లే దారిలోనే చెప్పాలి.