రెబెక్కా ముసుగు గుడ్డ కాదండీ బాబూ, రాయే

సాలార్‌జంగ్ మ్యూజియంలోని వీల్డ్ రెబెక్కా (ముసుగేసుకున్న అమ్మాయి పాలరాతి విగ్రహం) మీద ఆ వాట్సాప్ ఫార్వర్డ్ మళ్ళీ తిరుగుతోంది, మా ఫ్యామిలీ గ్రూప్‌లోకే మూడుసార్లొచ్చింది. అందులో ఏముందంటే, ఇలాంటి విగ్రహం ప్రపంచం మొత్తమ్మీద ఇదొక్కటేనట, ముసుగు అసలు గుడ్డేనట, రసాయనాలు పోసి రాయి చేసేశారట, మ్యూజియంలో ఉన్నవన్నీ ఒకే ఒక్క మనిషి సేకరించాడట, అక్కడే ఉన్న చెక్క బొమ్మేమో అద్దంలో చూస్తే ఆడమనిషిగా మారిపోతుందట.

ఇదొక్కటే అన్నది తప్పు. చెక్కింది ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని, ఆ బొమ్మకి గిరాకీ బాగా ఉండేసరికి ఆయన వర్క్‌షాప్‌ నుంచి ఒకటి కాదు చాలానే బయటికొచ్చాయి. అట్లాంటాలో ఉండే మనవాళ్ళు ఈ వీకెండ్ హై మ్యూజియంకి వెళ్తే రెబెక్కాని అక్కడే చూసుకోవచ్చు, డెట్రాయిట్‌లో ఇంకొకటుంది.

గుడ్డ సంగతికొద్దాం, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఈ రసాయనాల కథ అసలు రెబెక్కాది కాదు, నేపుల్స్‌లో ముసుగు కప్పిన క్రీస్తు విగ్రహం ఒకటుంది, 1753లో జుజెప్పె శాన్‌మార్టినో చెక్కాడు, దాన్ని చేయించిన అక్కడి ప్రభువుగారికి రసవాదం పిచ్చి కాబట్టి ఆయనే గుడ్డని రాయి చేశాడని జనం కథ కట్టేశారు. తమాషా ఏంటంటే అదే ప్రభువుగారు శిల్పికి 50 డ్యూకట్లు ఇచ్చిన 1752 నాటి కాగితంలో ముసుగు కూడా పాలరాయేనని రాసుంది! ఆ కథనే ఎవరో తెచ్చి మన రెబెక్కాకి తగిలించారు.

మరి రాయైతే మొహం ఎలా కనిపిస్తోంది అంటారా? నిజానికి లోపల వేరే మొహమేం లేదు, ఉన్నది పైన ఒక్క పొరే. బట్ట ముక్కుకీ నుదుటికీ తగిలేచోట శిల్పి రాయిని ఉబ్బుగా నున్నగా వదిలి, వదులుగా వేలాడేచోట సన్నటి మడతలు తీస్తాడు, వెలుగూ నీడా పడేసరికి కింద మొహముందని మన కన్నే అనేసుకుంటుంది. తడిసిన పంచె మోకాలికి అతుక్కుంటే ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి, అదే లెక్క. ఇంత పనీ ఉలితో చేస్తే క్రెడిట్ కెమికల్‌కి ఇస్తారేంటండీ.

ఒకే మనిషి సేకరణ అన్నది సగం నిజం, ఎక్కువ వస్తువులు కొన్నది మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖానే. కానీ రెబెక్కాని 1876లో రోమ్‌లో కొన్నది వాళ్ళ తాతగారు మొదటి సాలార్‌జంగ్, మనవడు పుట్టిందే 1889లో. పుట్టకముందే షాపింగ్ చేశాడా మరి?

ఇక చెక్క బొమ్మ. అద్దంలో ఏదీ మారదు. ఒకే దుంగకి ముందువైపు బూట్లేసుకుని పొగరుగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం, వెనకవైపు తల దించుకున్న మార్గరెట్టా, జర్మన్ కవి గోథే నాటకంలో పాత్రలు. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఆ అమ్మాయి అందులో కనిపిస్తుంది, అంతే. మా పెద్దనాన్నకి ఇదంతా వివరంగా టైప్ చేసి పంపిస్తే ఆయన నమస్కారం బొమ్మ ఒకటి పెట్టి, పదినిమిషాలకి అదే ఫార్వర్డ్ అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో వేశారు.