స్కూల్ టీమ్‌కి పాస్ పిచ్చి ఎందుకు?

శుక్రవారం రాత్రి టెక్సస్ హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లో మన తెలుగు కుటుంబాలూ కనిపిస్తున్నాయి కాబట్టి ఈ గోడు తెలుగులోనే రాస్తున్నా. మామూలు పిల్లలున్న మామూలు స్కూల్ టీమ్ బంతి పట్టుకుని పరిగెత్తాలి. ప్రతిసారీ విసరకూడదు. పరిగెత్తడం రన్, విసరడం పాస్.

మా ఏరియా స్కూల్ ఆట చూడండి. పది గజాలు దాటడానికి నాలుగు ప్రయత్నాలు (డౌన్‌లు) ఉంటాయి. మూడో డౌన్, ఇంకా రెండే గజాలు కావాలి. పాస్ పట్టే ఐదుగురు రిసీవర్లను అటూ ఇటూ పరిచి పాస్ వేస్తారు. బంతి నేల మీద పడుతుంది, గడియారం ఆగుతుంది, ఇక బంతి అవతలివాళ్లకి వదిలేయాల్సిందే. అప్పుడే బెంచీ మీద కూలబడి హెల్మెట్ తీసిన మన డిఫెన్స్ పిల్లలు మళ్లీ హెల్మెట్లు పెట్టుకుని లేస్తారు. నాలుగో క్వార్టర్‌కి వాళ్ల కాళ్లలో ప్రాణం ఉండదు. ఓడాక నింద మాత్రం వాళ్ల మీదే. మూడు రన్‌లకి తలా మూడున్నర గజాలు వస్తే పది గజాలు దాటిపోతాం కదా!

ప్రొఫెషనల్ టీములు ఆటగాళ్లను ఏరుకుంటాయి. గవర్నమెంట్ స్కూల్‌కి తన హద్దుల్లో ఉండే పిల్లలే దిక్కు. పాస్ ఆట నడవాలంటే గురిగా విసిరే కుర్రాడు కావాలి, అంతసేపూ అతన్ని కాచే ముందు వరస (లైన్) కావాలి, పట్టే చేతులు కావాలి. ఆ ఒక్క కుర్రాడి మడమ బెణికిందంటే సీజన్ అయిపోయినట్టే.

రన్‌లో ఎంత తెలివి ఉందో చాలామంది గమనించరు. వీర్ అనే పద్ధతినే తీసుకోండి. అవతలి డిఫెన్సివ్ ఎండ్ (వాళ్ల ముందు వరస చివర ఉండేవాడు) కొండలా ఉన్నా సరే, అతన్ని మనవాళ్లెవరూ ముట్టుకోరు. ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్, దూసుకొస్తున్న బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) పొట్టకి బంతి ఆనించి, కళ్లు మాత్రం ఆ ఎండ్ మీదే పెడతాడు. ఎండ్ లోపలికి వస్తే బంతి లాక్కుని తనే బయటికి పరుగు. బయటే ఆగితే బంతి బ్యాక్‌కే. బయట ఇంకొకడు తన మీదికొస్తే పక్కనున్న రెండో బ్యాక్‌కి విసిరేస్తాడు. అవతలివాడు ఎటు కదిలినా తప్పే. అమెరికా సైనిక అకాడమీలైన ఆర్మీ, నేవీ కాలేజీ టీములకి భారీ లైన్‌మన్‌లు దొరకడం కష్టం. అందుకే దశాబ్దాలుగా, ఎదుటివాడి కదలికను బట్టి బంతి ఎవరికో తేల్చే ఈ ఆప్షన్ ఆటనే నమ్ముకున్నాయి. కాలిఫోర్నియాలో డి లా సాల్ స్కూల్ 1992 నుంచి 2004 దాకా వరుసగా 151 మ్యాచ్‌లు గెలిచింది వీర్‌తోనే. అది ప్రైవేట్ స్కూల్, మంచి ఆటగాళ్లు వస్తారంటారా? సరే, అంత మంచి ఆటగాళ్లు ఉండి కూడా వాళ్లు రన్‌నే నమ్ముకున్నారు!

మావాడు లైన్‌లో గార్డ్‌గా ఆడతాడు. పాస్ ప్లేలో వెనక్కి అడుగులేస్తూ దెబ్బలు కాచుకోవడమే వాడి పని. రన్ ప్లే పిలిస్తే ముందుకు దూకి ఎదుటివాణ్ణి నెట్టుకుంటూ పోతాడు. ఆ రోజు ఇంటికొచ్చాక వాడి మాటల్లో హుషారే వేరు.

పాస్ ఆటతోనే గెలిచిన టెక్సస్ స్కూల్ సౌత్‌లేక్ క్యారల్ సంగతేంటని అడుగుతారు. టాడ్ డాడ్జ్ కోచ్‌గా రిసీవర్లను మైదానమంతా పరిచే స్ప్రెడ్ పాస్ ఆటతో 2002, 2004, 2005, 2006లో స్టేట్ టైటిళ్లు కొట్టారు, కాదనను. కానీ అలాంటి చోట్ల చిన్న క్లాసుల నుంచే అదే పద్ధతి నేర్పుతారు. వేసవిలో సెవెన్-ఆన్-సెవెన్ (ఏడుగురేసి పాస్‌లే ఆడే ఆట) ఆడిస్తారు, డబ్బున్న తల్లిదండ్రులు ప్రైవేట్ కోచింగ్ పెట్టిస్తారు. అవేవీ లేని స్కూల్ ఆ ప్లేబుక్‌ని ఎత్తుకొస్తే ఏం లాభం?

కోచ్ హాల్ మమీ 1986లో టెక్సస్‌లోని కాపరస్ కోవ్ హైస్కూల్‌కి వెళ్లి, బలమైన టీములతో రన్‌లో పోటీపడలేమని బంతి విసిరించాడు. అప్పుడు అందరూ పరిగెత్తేవాళ్లు, అందుకే పాస్ వాళ్లకి కొత్త. ఇప్పుడు వారం వారం అందరూ స్ప్రెడ్‌నే ఎదుర్కొంటున్నారు. వీర్ ఆడే టీమ్ వస్తోందంటే అవతలి కోచ్‌కి సోమవారం నుంచే టెన్షన్. నాలుగు రోజుల ప్రాక్టీస్‌లో ప్రత్యర్థిలా ఆడి చూపించే వాళ్ల స్కౌట్ టీమ్ దాన్ని సరిగ్గా అనుకరించలేదు కూడా.

పాస్ పూర్తిగా మానేయమనడం లేదు. రన్ ఆపడానికి, వెనక కాపలా ఉండే సేఫ్టీలు ముందుకొచ్చేశాక, వాళ్ల తల మీదుగా ఒక్కటి వేయండి, టచ్‌డౌన్ వస్తుంది. కోచ్‌లను నేను అడిగేది ఒకటే: ఈ స్ప్రింగ్ ప్రాక్టీస్‌లోనే వీర్ మొదలుపెట్టండి, ఏడు, ఎనిమిది తరగతుల టీములకీ అదే నేర్పండి. రెండేళ్లు ఓపిక పట్టమని బూస్టర్ క్లబ్ మీటింగ్‌లో మిగతా తల్లిదండ్రులకి నేనే చెప్తాను.