స్టెర్న్‌డ్రైవ్ రబ్బరు బూటు గారికి ఒక విన్నపం

పడవ లోపలి ఇంజను నుంచి వెనక నీళ్లలో ఫ్యాను తిప్పే కాలుకి (అదే స్టెర్న్‌డ్రైవ్) పోయే షాఫ్టును నీళ్లు తగలకుండా కప్పే మడతల రబ్బరు తొడుగు, మహారాజరాజశ్రీ రబ్బరు బూటు గారి దివ్య సముఖమునకు, తిరుపతి నుంచి ఒక మెకానిక్కు నమస్కరించి రాయునది.

నిన్న ఆదివారం తమరి సేవలోనే తెల్లారింది, పొద్దుగూకింది. ఇంట్లోవాళ్లు తిరుచానూరు పోతే, నేను శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి పులికాట్ గట్టున మా బామ్మర్ది సెకండ్ హ్యాండు స్పీడ్ బోటు వెనక పడుకున్నా. మోకాటి లోతు నీళ్లలో ఇదెందుకురా అని అడగలేదు. పెళ్లాం తమ్ముడు, యాడ అడిగేది?

తమరి తోటివాళ్ల మీద నాకు కోపం లేదు. గేరాయిల్ వంద గంటలకో, ఏడాదికో మార్చమంటుంది, నీళ్లు చేరితే మజ్జిగ రంగుకి తిరిగి నిజం చెప్పేస్తుంది. అల్యూమినియం ఆనోడు తాను కరిగి డ్రైవు కాలును కాపాడుతుంది, మహాతల్లి. తమరో? పైకి నవనవలాడుతూ మడత లోపల పగిలుంటారు. ఆ పగుల్లోంచి దిగిన ఉప్పునీళ్లకి షాఫ్టును మోసే గింబల్ బేరింగు తుప్పుపట్టి, ఎడమకి తిప్పినప్పుడల్లా గుర్రుమంటే గానీ తమరి గుట్టు బయటపడదు.

పోనీ మారుద్దామా అంటే కాలు మొత్తం ఊడదీయాల. కొండ మీదికి మూడొందల టికెట్టన్నా ఉంది, తమరి దర్శనానికి అదీ లేదు. జిగురు పూసి, అంచు మీదికి ఎక్కించి, కంటికి ఆనని క్లాంపును స్క్రూడ్రైవరుతో తడుముకుంటా బిగిస్తే, బొటనవేలు తీసేసరికి టప్పున జారిపోయినారు. రెండోసారీ అంతే. మూడోసారి బామ్మర్ది సెల్లులోంచి తలెత్తకుండానే, "గట్టిగా పట్టుకో బావా" అన్నాడు.

నాలుగోసారికి నా మర్యాద అయిపోయింది. ఏం రబ్బరు ముక్కవే నువ్వు? పడవ అమ్మినోడు "కొత్త బూటు వేసినా, ఇంగ చూసుకోబన్లేదు" అన్నాడంట. కొత్తదంట కొత్తది! బాగున్నా బాగలేకున్నా రెండేండ్లకి నిన్ను మార్చాల్సిందే. మార్చకపోతే, గట్టున కట్టేసి ఇంటికొచ్చి నిద్రపోయిన పడవను తెల్లారేసరికి ముంచేస్తావు. ఇంజనుకు లేని పొగరు నీకెందుకు?

దీపాలవేళకి బేరింగు కొత్తది కొట్టి, నిన్ను ఎక్కించి, షాఫ్టు పళ్లు కూర్చోబెట్టినా. నీళ్లలోకి దించేముందు కాలును ఒకసారి ఎత్తి దించితే, హార్మోనియం తిత్తి మాదిరి ముడుచుకుని, సాగి, మళ్లీ ముడుచుకున్నావు. ఎడమకి తిప్పినా. కుడికి తిప్పినా. గుర్రు లేదు. బాగానే ఉన్నావులే.

ఇట్లు,
గోరు నల్లబడిన మెకానిక్కు

తా.క.: రెండేండ్ల తర్వాతి తేదీని బామ్మర్ది పడవ మీద పెయింటుతో రాసుకున్నాడు. పక్కన నా ఫోన్ నంబరు.